తరుగు పోను నిద్ర

నిడదవోలు శివార్లలోని వశిష్ఠా కాటాల కంపెనీలో పనిచేసేవాళ్ళ మధ్యాహ్నపు కునుకును ఒంటిగంటన్నరకు తీసుకుని, తూచి, మేడమీద దాచి, అరవయ్యో ఏట తిరిగి ఇచ్చేస్తారు. దీన్ని విశ్రాంతి నిధి అంటారు. కంపెనీ పెట్టిన నాటినుంచీ ఉన్నదే కనుక దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు.

పద్ధతి సులువు. భోజనాలయ్యాక, కడుపులో పెరుగన్నం తన పని మొదలుపెట్టి కళ్ళు బరువెక్కే వేళకు, కునుకుల గుమాస్తా అప్పలస్వామి వెడల్పు మూతి సీసా పట్టుకుని వస్తాడు. మనిషి తల కాస్త వంచాలి. రెప్పల దగ్గర సీసా ఆనిస్తే కునుకు జారి అందులో పడుతుంది. చూడ్డానికి పలచటి గంజిలా ఉంటుంది. ముప్పావుగంట కునుకు పావుకిలో తూగుతుంది. అప్పలస్వామి తూచి, చీటీ రాసి చేతిలో పెడతాడు. మనిషి మొహం కడుక్కుని మళ్ళీ పనిలోకి వెళ్ళిపోతాడు. నిద్రకు బరువే గాని చోటు అక్కర్లేదు. ఎన్ని క్వింటాళ్ళయినా ఒక జాడీలో సరిపోతుంది. నేల గట్టిగా ఉంటే చాలు.

ఇదంతా ఎందుకంటే, అరవై దాటిన శరీరం సొంతంగా నిద్ర తయారుచేయదు. అక్కణ్ణుంచి ఎవరైనా దాచుకున్న నిద్రే పోవాలి. రోజుకు రెండు కిలోలు, అంటే ఆరు గంటలు, ఉంటే మర్యాదగా బతకొచ్చు. దాచుకున్నది అయిపోయినవాళ్ళు మేలుకునే ఉంటారు. నిడదవోలులో అలాంటివాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. స్టేషన్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ చూస్తుంటారు. వాళ్ళు ఎవరికీ అడ్డం రారు. ఊరు కూడా వాళ్ళను ఏమీ అనదు. ముందుచూపు లేకపోయింది పాపం, అనుకుని టీ ఇప్పిస్తుంది.

నిధిలో రెండు మర్యాదలున్నాయి. మొదటిది కొసరు. మనిషి ఇచ్చిన ప్రతి పావుకిలోకు కంపెనీ తనవంతుగా అరపావు కలుపుతుంది. యజమాని కుటుంబం మూడు తరాలుగా పొద్దెక్కాకే లేస్తోంది కనుక వాళ్ళకు నిద్రకు లోటు లేదు. రెండోది తరుగు. దాచిన నిద్ర ఊరుతుంది. క్వింటాలు నిద్ర ఏడాది తిరిగేసరికి ఏడు కిలోలు పెరుగుతుంది. అందులోంచి నిర్వహణ తరుగు రెండు కిలోలు, సీసాల తరుగు కిలో, తరుగు లెక్క కట్టినందుకు తరుగు అరకిలో, వెరసి క్వింటాలుకు మూడున్నర కిలోలు ఏటా తీస్తారు. ఊరిన భాగం అడుగునే ఉంటుంది కాబట్టి తరుగు ఎప్పుడూ అడుగు నుంచే తీస్తారు.

తీసిన తరుగును మేడమీది ఆరుగురు అధికారులు నిద్రపోతారు. నాలుగు వందల మంది నిద్రను కనిపెట్టుకుని ఉండాలంటే మనుషులు తాజాగా ఉండాలి గదా. ఆ ఆరుగురి కళ్ళ కింద ఇంతవరకు ఎవరూ నలుపు చూడలేదు. ధాన్యం బస్తాకు తరుగు, బెల్లం దిమ్మకు తరుగు, నిమ్మకాయల బుట్టకు తరుగు ఇచ్చుకుంటూ పెరిగిన గోదావరి జిల్లా మనిషికి నిద్రలో తరుగు కొత్తగా కనిపించదు. తరుగు లేదంటేనే, వీడెవడో మోసగాడనుకుంటాడు.

కడలి ధర్మారావు ఈ కంపెనీలో ముప్పయ్యో ఏట చేరాడు. అప్పటికి పెళ్ళై ఆరు నెలలు. ఆయన పని ఆఖరి బల్ల దగ్గర. తయారైన ప్రతి కాటా ఆయన ముందుకు వస్తుంది. తూకపురాళ్ళు పెట్టి చూసి, సరిగ్గా ఉంటే ముద్ర వేస్తాడు. గ్రాము తేడా వచ్చినా వెనక్కి పంపిస్తాడు. ఒకసారి ఊపిరి తగిలి ముల్లు కదిలిందని మేస్త్రీ అంటే, ఊపిరి బిగపట్టి మళ్ళీ తూచి, అప్పటికీ తేడా ఉందని చూపించాడు. ధర్మారావు ముద్ర ఉన్న కాటాను కొట్టువాడు గాని కొనేవాడు గాని వేలెత్తి చూపలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది.

ఆయన భార్య నాగరత్నం ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆమెకు కంపెనీ లేదు, కాబట్టి ఆమె కునుకు పట్టుకెళ్ళడానికి ఎవరూ రారు. మొదటి ఏడాది చివర ధర్మారావు నిధి కాగితం ఇంటికి తెచ్చినప్పుడు ఆమె దాన్ని మిషను మీద పరిచి, కొలత టేపు మెళ్ళో వేసుకునే చదివింది.

“ఏవండీ, పెరిగేది ఏడు కిలోలైతే తీసేది మూడున్నరా? పెరిగిందాంట్లో సగం పట్టుకుపోతున్నారు కదండీ!”

“సగమేంటి నీ మొహం. నూటికి మూడున్నరే కదా. క్వింటాలులో మూడున్నర కిలోలంటే లెక్కలోకొస్తుందా?”

“నూటిలో నూరూ మనం ఇచ్చిందేనండి. వాళ్ళు పెంచేది ఆ ఏడే. ఆ ఏడులోంచి కదా మూడున్నర?”

“కొసరు ఇస్తున్నారా లేదా? బయటెవడిస్తాడు కొసరు?”

కొసరు మాట వచ్చేసరికి నాగరత్నం ఊరుకుంది. కొసరు నిజమే. కంపెనీ ఊరికే కలిపేదాన్ని వద్దనడం ఆమెకూ తెలివైన పని అనిపించలేదు. కాకపోతే మర్నాడు బజారుకు వెళ్ళి, ఆవకాయ పెట్టే పెద్ద జాడీ ఒకటి, వెడల్పు మూతి సీసా ఒకటి కొనుక్కొచ్చింది. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడే వేళకు తన రెప్పల దగ్గర తానే సీసా ఆనించుకుని, నిద్రను జాడీలో పోసి, మూతకు గుడ్డ కట్టి, మళ్ళీ మిషను ఎక్కేది. కొసరు వేసేవాళ్ళు లేరు. తరుగు తీసేవాళ్ళూ లేరు. పెళ్ళిళ్ళ రోజుల్లో జాకెట్లు ముంచుకొచ్చి, కళ్ళు మూతలే పడక, ఏటా నెలన్నర నాగా పడేది.

జాడీ మార్గం సుఖమైనదేమీ కాదు. తుపాను వచ్చిన ఏడు ఇంట్లో చెమ్మకు నిద్రకు బూజు పట్టి మూడోవంతు విరిగిపోయింది. పక్కింటి కనకం కూడా నాగరత్నాన్ని చూసి జాడీ పెట్టింది. బూజు చూడగానే గుండె ఆగినంత పనై, ఉన్నదంతా కాలువలో పారబోసింది. నాగరత్నం మాత్రం జాడీ తుడిచి, గుడ్డ మార్చి, మూత పెట్టేసింది. మూడేళ్ళలో విరిగినదంతా తిరిగి చేరుకుంది. మేడమీద కూడా ఆ ఏడు బూజు పట్టింది. అధికారులు విచారం తెలుపుతూ ఒక కాగితం పంపి, తరుగు మామూలుగానే తీసుకున్నారు.

ఈ ముప్పయ్యేళ్ళలో నాగరత్నానికి ఒకటే లోటు. రాత్రిపూట ధర్మారావుది అలిసిపోయిన నిద్ర. అందులో గురక ఉంటుంది గాని ఇంకేమీ ఉండదు. మధ్యాహ్నం కునుకు వేరు. పెళ్ళైన కొత్తలో, ఆయన ఇంకా ఈ కంపెనీలో చేరని ఆరు నెలలూ, మధ్యాహ్నం పడుకుంటే గురక సన్నబడి సన్నబడి, చివర ఒక ఈల వచ్చేది. కుక్కర్ ఈల కాదు, రైలు ఈల కాదు. పిల్లాడు నేర్చుకుంటూ ఊదే ఈల. అది విని ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. కంపెనీలో చేరాక ఆ ఈల పోయింది. అలవాటు తప్పిన ఒంటికి ఆదివారాలు కూడా కునుకు రాలేదు. అరవై వస్తే మళ్ళీ వింటానని ఆమె అనుకుంది, ఈ మాట ఎవరితోనూ అనలేదు.

అరవై వచ్చింది. ఆఖరి రోజున ధర్మారావు లెక్క తేల్చారు. యాభై ఎనిమిది క్వింటాళ్ళు. తూచింది ఆయన ముద్ర వేసిన కాటా మీదే. అప్పలస్వామి బలవంతం చేసి ఆయన చేతే ముల్లు చదివించాడు. ముల్లు సున్నా దగ్గర మొదలై, ఉండాల్సిన చోట ఆగింది. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. ధర్మారావుకు కళ్ళు చెమర్చాయి.

“ఇంత కచ్చితంగా ఇచ్చే కంపెనీ ఎక్కడుంటుందండీ,” అన్నాడు అందరితో. అందరూ చప్పట్లు కొట్టారు. కాటా అబద్ధం చెప్పకపోతే అన్నీ నిజాలేనని ఆ కంపెనీలో అందరి నమ్మకం. పళ్ళెంలోకి ఎక్కకముందు ఏం తీశారన్నది కాటాను అడిగే ప్రశ్న కాదు గనుక, ముప్పయ్యేళ్ళలో అక్కడ ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి చెప్పగానే నాగరత్నం తన జాడీని ఆయనకు చూపించింది. అరవై క్వింటాళ్ళు ఉంది. దాని కింద నాపరాయి రెండుసార్లు పగిలి మార్చారు, మూడోది బీటలు వారుతోంది.

“ఏటా నెలన్నర నాగా పెట్టినదాన్ని. కొసరు పుట్టి ఎరగనిదాన్ని. మీకన్నా నాకెందుకు ఎక్కువుందండీ?”

ధర్మారావు జాడీ చుట్టూ ఒకసారి తిరిగాడు. “నీ కాటా తప్పయ్యుంటుంది,” అన్నాడు.

“మీరు ముద్రేసిందేనండి.”

ఆయన జాడీ మూత మీది గుడ్డ సరిచేశాడు. “రేపు పైకెళ్ళి దణ్ణం పెట్టి రావాలి. నువ్వూ రా,” అన్నాడు. రిటైరైనవాళ్ళు సతీసమేతంగా మేడమీదికి వెళ్ళి, అధికారులకు స్వీటు పెట్టి, తమ నిద్ర కాపాడినందుకు కృతజ్ఞత చెప్పుకోవడం కంపెనీలో ఆనవాయితీ. కృతజ్ఞత చెప్పే పుస్తకం కూడా ఉంది. అందులో నాలుగు వాక్యాలు ముందే అచ్చు వేసి ఉంటాయి, సంతకం పెడితే చాలు. ధర్మారావు అంతటితో సరిపెట్టుకోలేక, కింద సొంతంగా ఇంకో రెండు వాక్యాలు రాస్తానని ముందే అనుమతి తీసుకున్నాడు.

మేడమీద చల్లగా ఉంది. వరసగా ఆరు మంచాలు, తెల్లటి దోమతెరలు. నలుగురు డ్యూటీలో నిద్రపోతున్నారు. ఒకరు పక్క దులుపుకుంటున్నారు. నిధి పెద్ద ముకుందం గారు మాత్రం బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. వయసు డెబ్భై అని రికార్డులో ఉంది, చూస్తే నలభై అనిపిస్తారు. నాగరత్నం తెచ్చిన సున్నుండ అందుకుని, “మీలాంటివాళ్ళ నమ్మకమే మాకు బలం,” అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు.

అప్పుడు మూడో మంచం మీంచి గురక సన్నబడింది. సన్నబడి, సన్నబడి, చివర ఒక ఈల వచ్చింది.

నాగరత్నం చేతిలో సున్నుండల డబ్బా అలాగే ఉండిపోయింది.

“ఏవండీ. అది మీదేనండి.”

“ఏది?”

“ఆ ఈల. మీ ఈలండీ అది. మన పెళ్ళైన కొత్తలో విన్నాను.”

మళ్ళీ వచ్చింది. ధర్మారావు తన ఈల తానెప్పుడూ వినలేదు. నిద్రపోయేవాడు ఎలా వింటాడు? ఇప్పుడు ఇంకొకరి ముక్కులోంచి వస్తుంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. తన నిద్ర ఇంత బాగుంటుందా అనిపించింది.

“మీవాళ్ళు గుర్తుపట్టారు, సంతోషం,” అన్నారు ముకుందం గారు. “ధర్మారావు గారి తరుగు చాలా శ్రేష్ఠమైంది. మాలో మేం వంతులు వేసుకుంటాం. అడుగున బాగా ఊరిందే ఈలగా వస్తుంది.”

“దానికి నేనేం చేశానండీ. అంతా తమరి సంరక్షణ,” అన్నాడు ధర్మారావు చేతులు జోడించి. అది మర్యాదకన్న మాట కాదు, నిజంగానే అన్నాడు.

నాగరత్నానికి ఏడుపొచ్చింది. ఏడవలేదు. “ఈ తరుగు తీయకుండా ఉంటే మా ఆయనకి ఎంత వచ్చుండేదండీ?” అని అడిగింది.

“నూట ఆరు క్వింటాళ్ళమ్మా,” అన్నారు ముకుందం గారు, కాగితమైనా చూడకుండా. “పద్నాలుగున్నర ఏళ్ళ నిద్ర. తరుగు పోను ఎనిమిదేళ్ళు. ఎవరైనా అడిగితే చెబుతాం. దాచేదేముంది?”

“ఇప్పుడు ఉన్నది ఇంటికి పట్టుకెళ్ళొచ్చాండీ?”

“నిక్షేపంగా. ఇక్కడే ఉంచితే మేం రోజూ రెండు కిలోలు పంపిస్తాం, మిగిలింది ఊరుతూ ఉంటుంది, తరుగు తరుగే. ఆ లెక్కన తొమ్మిదిన్నరేళ్ళు వస్తుంది. ఇంట్లో జాడీలో ఉంచుకుని, బూజుకు భయపడకుండా ఉంటే పన్నెండేళ్ళు వస్తుంది.”

“మరి ఈ ముక్క ఎవరికీ చెప్పలేదేంటండీ?”

“అడగందే అమ్మయినా పెట్టదంటారు కదమ్మా,” అని ఆయన మరో సున్నుండ తీసుకున్నారు.

ధర్మారావు ఇబ్బందిగా కదిలాడు. “రత్నం, ముప్పయ్యేళ్ళు చూసుకున్నవాళ్ళు. ఇవాళ ఉన్నపళంగా పట్టుకెళ్ళిపోతే ఏమనుకుంటారు? బాగుండదు.”

“బాగుండకపోతే పోనివ్వండి.” ఆమె సున్నుండల డబ్బా మూత పెట్టేసింది. “రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద మిమ్మల్ని కూర్చోబెట్టి నేను క్యారేజీ మొయ్యలేను. రెండున్నరేళ్ళు తక్కువేంటండీ? ఎవరి రెండున్నరేళ్ళు? నాకు మీరు ఇంట్లో పడుకోవాలి. నేను వినాలి.”

వినాలనేది ఎందుకో ధర్మారావుకు పూర్తిగా అర్థం కాలేదు. కానీ ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె తనకోసం ఏదీ అడిగి ఎరగదు. ఆయన కృతజ్ఞతల పుస్తకంలో సంతకం చేసి, సొంత వాక్యాలు రెండూ రాసి, దాని పక్కనే ఉన్న ఉపసంహరణ పత్రం మీద కూడా సంతకం పెట్టాడు. ముకుందం గారు నొచ్చుకోలేదు. లేచి ధర్మారావు భుజం తట్టి మరీ పంపించారు.

నిద్రను ట్రాక్టరు మీద తెచ్చారు. ఒక్క జాడీయే, అయినా కాలువ వంతెన మీద ట్రాక్టరు టైర్లు సగం అణిగిపోయాయి. ఇంట్లో ఇద్దరి జాడీలూ పక్కపక్కన పెట్టి, కింద కొత్త బండరాయి వేయించారు. ఆ రాత్రి నాగరత్నం రెండు జాడీలకూ గుడ్డ కట్టి, పసుపు బొట్టు పెట్టింది. ఇంతకాలం కాపాడిన మొగుడి ఓపికకు, తన మొండితనానికి, బీటలు వారినా నిలబడ్డ నాపరాయికి, అందరికీ కలిపి ఒక దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక ధర్మారావు జాడీ మూత తీసి, ఆ రోజుకు రావలసిన రెండు కిలోలూ కాటాలో తూచుకున్నాడు. తూచి, గరిటెను అడుగుదాకా ముంచి, డెబ్భై గ్రాములు పక్కకు తీసి, చిన్న స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టాడు. చెయ్యి తనంతట తానే చేసింది.

“అదెవరికండీ?”

“తరుగు.”

“తరుగేంటండీ? మన ఇల్లు, మన జాడీ, మన గరిటె!”

“తరుగు తియ్యకుండా ఎలా రత్నం?” ధర్మారావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “తియ్యకపోతే మిగిలింది మనదని ఎలా తెలుస్తుంది?”

సరిగ్గా అప్పుడే వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. అప్పలస్వామి. ఆయనకు ఎవరూ కబురు పెట్టలేదు. తరుగు ఎక్కడుందో అక్కడికి వెళ్ళడం ఆయన ఉద్యోగం. డబ్బా అందుకుని, తూచి, చీటీ రాసిచ్చాడు. “రాత్రి పై వాళ్ళు బెంగపడిపోయారండి. ఇంకా గుర్తుపెట్టుకున్నారంటే తమరిది పెద్ద మనసు, ఆయ్,” అని వెళ్ళిపోయాడు. ధర్మారావు ఆ చీటీని పాతవాటితో పాటు తీగకు గుచ్చాడు.

నాగరత్నం మూడు రోజులు పోట్లాడింది. నాలుగో రోజు డబ్బా దాచేసింది. ఆయన గ్లాసులో తీశాడు. ఐదో రోజు గ్లాసులోది తీసి మళ్ళీ జాడీలో పోసింది. ఆ పూట ఆయన పడుకోలేదు. అప్పు ఎగ్గొట్టినవాడిలా అరుగు మీదే కూర్చున్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. ఆరో రోజు నాగరత్నమే డబ్బా కడిగి, తుడిచి, జాడీ పక్కన పెట్టింది.

ఇప్పుడు అంతా సర్దుకుంది. ధర్మారావు రోజూ మధ్యాహ్నం పడుకుంటాడు. నాగరత్నం మిషను మీద కూర్చుని జాకెట్లు కుడుతూ వింటుంది. గురక వస్తుంది. సన్నబడుతుంది. ఇంకా సన్నబడుతుంది. అక్కడితో ఆయనకు మెలకువ వచ్చేస్తుంది, లేవాల్సిన వేళకు పన్నెండు నిమిషాల ముందు. ఆయన మంచం మీద లేచి కూర్చుని, మంచినీళ్ళు తాగి, కిటికీలోంచి కాలువ అవతలి కంపెనీ మేడవైపు చూస్తాడు. ముఖం ప్రశాంతంగా ఉంటుంది.

అప్పుడు మేడమీంచి గాలికి సన్నగా ఈల వినిపిస్తుంది. నాగరత్నం పెడలు మీంచి పాదం తీసేస్తుంది.

“విన్నావా?” అంటాడు ధర్మారావు. “ఎంత హాయిగా పడుకున్నారో పాపం. మన చేతి మీదుగా ఒకరికి నిద్ర పడుతోందంటే ఇంకేం కావాలి చెప్పు?”

“విన్నానండి,” అంటుంది నాగరత్నం. ఈల ఆగేదాకా ఆమె మిషను తొక్కదు.